రూట్ నంబర్ 1 వాళ్లకు మెసేజ్ ఎందుకు వెళ్లింది?

తొమ్మిదో తరగతి కంప్యూటర్ ప్రాజెక్ట్ గురించి తల్లిదండ్రులకు కొన్ని మాటలు



దసరా సెలవుల తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి నాన్నగారు ఒకరు ప్రాజెక్ట్ ఫైల్ టేబుల్ మీద పెట్టారు. "మేడం, మావాడు సెలవులన్నీ దీని ముందే కూర్చున్నాడు. స్క్రీన్ మీద అన్నీ కరెక్ట్‌గానే వచ్చాయి, నేను పక్కనే ఉండి చూశాను. మరి 20కి 12 ఏంటండీ?" అన్నారు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. అబ్బాయి మాకు చూపించిన మూడుసార్లూ సరిగ్గానే వచ్చింది. నాలుగోసారి మేం వేరే నంబర్ ఇచ్చి చూశాం. అప్పుడు తేలింది అసలు సంగతి.

ఆ రోజు వెనక ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు. పూర్తిగా చెప్పడం కుదరలేదు. అదే ప్రశ్న తర్వాత ఫోన్‌లో మరికొందరు కూడా అడిగారు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ప్రోగ్రామ్ వరుసలన్నీ ఈ సంచిక ఇంగ్లిష్ పేజీల్లో ఉన్నాయి, అవి పిల్లలకు. ఈ పేజీ మీకు. కోడింగ్ ఒక్క ముక్క రాకపోయినా ఇబ్బంది లేదు.

ప్రాజెక్ట్ ఏమిటి?

ఈ టర్మ్‌లో తొమ్మిదో తరగతికి ఇచ్చిన ప్రాజెక్ట్ బస్ మెసేజ్. వర్షం వల్లో ట్రాఫిక్ వల్లో కొన్ని బస్సులు ఆలస్యమైతే, ఆ రూట్లలో వచ్చే పిల్లల ఇళ్లకు మాత్రమే మెసేజ్ వెళ్లాలి. నిజం మెసేజ్‌లు కావులెండి, స్క్రీన్ మీద పేర్లు వస్తే చాలు. ఒక షరతు పెట్టాం. ఏ రూట్లు ఆలస్యమో ప్రోగ్రామ్ లోపల రాయకూడదు. విడిగా ఒక సెట్టింగ్స్ ఫైల్‌లో రాయాలి, ప్రోగ్రామ్ దాన్ని చదువుకుని పని చేయాలి. ఇలాంటి ఫైల్‌ని కాన్ఫిగరేషన్ ఫైల్ అంటారు.

విడిగా ఎందుకంటే, మన స్కూల్ గంట సంగతే చూడండి. గంట కొట్టడం అటెండర్‌కు వచ్చు. ఏ టైమ్‌కి కొట్టాలో గోడ మీద అంటించిన కాగితం చెబుతుంది. పరీక్షల వారం వస్తే కాగితం మారుస్తాం, అటెండర్‌ని మార్చం. సెట్టింగ్స్ ఫైల్ ఆ కాగితం. బస్సుల ఇన్‌చార్జికి పైథాన్ రానక్కర్లేదు, నోట్‌ప్యాడ్‌లో ఆ ఒక్క వరుస మార్చి సేవ్ చేస్తే చాలు. మీ ఫోన్‌లో, బ్యాంక్‌లో, రైల్వే కౌంటర్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ చాలావరకు ఇలాగే ఉంటుంది. పని చేసేది ఒకటి, ఎలా చేయాలో చెప్పే ఫైల్ ఇంకొకటి.

ఆ అబ్బాయి ఫైల్‌లో వరుస ఇది:

ఆలస్యమైన రూట్లు = 10, 12, 15

చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉందో! మనకు మూడు నంబర్లు కనిపిస్తున్నాయి. ప్రోగ్రామ్‌కు కనిపించేది మాత్రం మూడు నంబర్లు కాదు.

కిరాణా కొట్టు చీటీ

మీరు కిరాణా కొట్టుకు పంపే చీటీలో "బియ్యం పిండి పంచదార" అని కామాలు లేకుండా రాశారనుకోండి. కొట్టతను ఒక్క క్షణం ఆగి, "బియ్యమూ పిండీనా, బియ్యప్పిండా?" అని అడుగుతాడు. లేదా మీరు నెలనెలా ఏం తీసుకుంటారో తెలుసు కాబట్టి అడక్కుండానే సరిగ్గా కట్టి ఇస్తాడు. చీటీ సరిగ్గా లేకపోయినా ఇంటికి సరుకులు సరిగ్గానే వస్తాయి. ఆ సర్దుబాటు అంతా కొట్టతని బుర్రలో జరిగింది.

కంప్యూటర్‌లో కొట్టతను లేడు. ఫైల్‌లో ఉన్నది అక్షరాల వరుస. ఒకటి, సున్నా, కామా, స్పేస్, ఒకటి, రెండు... ఇంతే. ఎక్కడ ఒక వస్తువు అయిపోయి ఇంకొకటి మొదలవుతుందో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పాల్సినవాడు ప్రోగ్రామ్ రాసినవాడు, అంటే మీ అబ్బాయో అమ్మాయో.

పిల్లలు వాడుతున్న ఫైల్ పద్ధతి పేరు ఐఎన్ఐ. 1985లో వచ్చిన మొదటి విండోస్ నుంచీ ఉన్న పాత పద్ధతి, తేలికైనది కూడా. పైథాన్‌లో దీన్ని చదవడానికి కాన్ఫిగ్‌పార్సర్ అనే పనిముట్టు పైథాన్‌తో పాటే వస్తుంది. అది ప్రతి విలువనూ ఉత్త అక్షరాలుగానే చేతికిస్తుంది, తనంతట తాను ఏదీ ఊహించదు. ఇది నంబర్ అనుకో అంటే నంబర్‌గా ఇస్తుంది, అవును-కాదు అనుకో అంటే అలా ఇస్తుంది. ఇది ఒక లిస్ట్ అనుకో అనడానికి మాత్రం అందులో సిద్ధంగా ఏమీ లేదు. ఎందుకంటే లిస్ట్‌ని ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. కామాలతో కొందరు, స్పేస్‌లతో కొందరు, వరుసకొకటి చొప్పున కొందరు.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రోగ్రామ్ సంగతి. పిల్లవాడి రూట్ నంబర్ ఈ వరుసలో ఉందా లేదా అని అది చూస్తుంది. 10 ఉందా? ఉంది. 12 ఉందా? ఉంది. 15? ఉంది. 8 ఉందా? లేదు. నాన్నగారు పక్కన కూర్చుని చూసినవి ఇవే, అన్నీ కరెక్టే. మేం ఇచ్చిన నంబర్ 1. ఒకటి ఉందా అని అడిగితే పైథాన్ ఉంది అంది. ఎక్కడుంది? పదిలో ఉంది! పన్నెండులోనూ పదిహేనులోనూ కూడా ఉంది. అక్షరాల వరుసలో ఒకటి అనే అక్షరం ఉందా అని అడిగారు, అది ఉందని నిజమే చెప్పింది. అదే లెక్కన రూట్ 2 వాళ్లకూ రూట్ 5 వాళ్లకూ మెసేజ్ వెళ్తుంది. వాళ్ల బస్సు టైమ్‌కే వచ్చి వెళ్లిపోతుంది, వాళ్లు మాత్రం ఆలస్యమట కదా అని ఇంట్లో కూర్చుంటారు.

ఎర్రటి ఎర్రర్ ఏదీ రాలేదు. ప్రోగ్రామ్ ఆగలేదు. చాప కింద నీరులా తప్పు జవాబు ఇచ్చుకుంటూ పోయింది. మార్కులు తగ్గింది అందుకు.

సరిచేయబోతే ఇంకో తప్పు

క్లాసులో ఈ సంగతి చెప్పగానే చాలామంది పిల్లలు వెంటనే స్ప్లిట్ అన్నారు. కామా ఉన్నచోటల్లా ముక్కలు చేసే కమాండ్ అది. మంచి ఆలోచనే. ముక్కలు చేశాక ఒక్కో ముక్కతో విడిగా పోల్చి చూస్తాం కాబట్టి ఇప్పుడు 1 దొరకదు. సమస్య తీరిందనుకున్నారు. కానీ ఈసారి 12 కూడా దొరకలేదు.

మళ్లీ ఆ వరుస చూడండి. కామా తర్వాత స్పేస్ ఉంది. మనకు అది చదవడానికి వీలుగా ఉండే ఖాళీ, కంప్యూటర్‌కు అదీ ఒక అక్షరమే. కామా దగ్గర కోస్తే మొదటి ముక్క 10, రెండో ముక్క ముందు స్పేస్ అంటుకున్న 12, మూడోది ముందు స్పేస్ అంటుకున్న 15. ఉత్త 12 ఇచ్చి వెతికితే ఎలా దొరుకుతుంది? పదో రూట్ వాళ్లకు మాత్రం మెసేజ్ వెళ్లింది, మిగతా రెండు రూట్ల వాళ్లు రోడ్డు మీద వర్షంలో నిలబడ్డారు. ఇందాక అనవసరంగా వెళ్లింది, ఇప్పుడు అవసరమైనవాళ్లకే వెళ్లలేదు. రెంటిలో ఇదే పెద్ద తప్పని నా ఉద్దేశం. అనవసరంగా మెసేజ్ వచ్చినవాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. రానివాళ్లకు తమకు రావాల్సిందొకటి ఉందనే తెలియదు.

ఒక్కో ముక్క చుట్టూ ఉన్న ఖాళీలను గీకేయడానికి స్ట్రిప్ అనే కమాండ్ ఉంది. అది కలిపితే 12, 15 దొరుకుతాయి. కొందరు పిల్లలు స్ట్రిప్ వాడకుండా ప్రతి ముక్కనూ నంబర్‌గా మార్చేశారు. అలా మార్చేటప్పుడు పైథాన్ చుట్టూ ఉన్న స్పేస్‌లను పట్టించుకోదు కాబట్టి అదీ పనిచేసింది. అయితే రేపు 12ఏ అని ఇంకో రూట్ వేస్తే? నంబర్‌గా మార్చలేక ప్రోగ్రామ్ ఆగిపోతుంది. రూట్ నంబర్, హాల్ టికెట్ నంబర్, ఫోన్ నంబర్... వీటిని మనం ఎప్పుడూ కూడం, తీసేయం. అంకెల్లో రాసినా అవి పేర్లే. పేర్లను పేర్లుగానే ఉంచమని పిల్లలకు చెబుతున్నాం.

మూడో తప్పులో నేను కూడా ఒకసారి కాలేశాను. ఒక వర్క్‌షాప్‌కు సర్టిఫికెట్లు ప్రింట్ చేయాలి. పేర్లన్నీ కామాలతో ఒక ఫైల్‌లో రాసి, ప్రోగ్రామ్‌తో చదివించాను. వచ్చినవాళ్లు 40 మంది, సర్టిఫికెట్లు 41 వచ్చాయి. ఆఖరిదాని మీద పేరు లేదు. ఎందుకంటే చివరి పేరు తర్వాత అలవాటుగా ఇంకో కామా పెట్టాను. కామా తర్వాత ఏమీ లేకపోయినా, ఆ ఏమీలేనిదాన్ని కూడా స్ప్లిట్ ఒక ముక్కగానే లెక్కేస్తుంది. పేరు లేకుండా, సంతకంతో సహా ప్రింటైన ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది, క్లాసులో చూపిస్తుంటాను.

పిల్లల ప్రాజెక్ట్‌లో ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది. ఈ రోజు ఏ బస్సూ ఆలస్యం కాలేదు, సమానం గుర్తు తర్వాత ఏమీ రాయలేదు. లిస్ట్ ఖాళీ కాబట్టి సున్నా రావాలి కదా? రాదు. ఉత్త ఖాళీని కామా దగ్గర ముక్కలు చేస్తే ఒక ముక్క వస్తుంది, అది ఖాళీ ముక్క. స్క్రీన్ మీద "ఈ రోజు 1 బస్సు ఆలస్యం" అని వస్తుంది. ఖాళీ ముక్కలను ఏరి పారేయడం కూడా ప్రోగ్రామ్ రాసినవాడి పనే.

ఇంకొందరు అసలు ముక్కలే చేయకుండా ఆ వరుసలో ఒక్కొక్కటి తీసుకో అని రాశారు. అప్పుడు ఒక్కో రూట్ రాదు, ఒక్కో అక్షరం వస్తుంది. తెలుగులో రాసిన స్టాప్ పేర్లతో చేస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. "తెలుగు" అనే మాటలో మనకు మూడు అక్షరాలు. పైథాన్ లెక్కలో ఆరు. త ఒకటి, దాని ఎత్వం ఒకటి, ల ఒకటి, దాని కొమ్ము ఒకటి, గ, దాని కొమ్ము. ఇది మీ పిల్లల చేత ఇంట్లో చేయించి చూడండి, అమ్మమ్మ తాతయ్యలు కూడా కూర్చుని చూస్తారు.

కామాలతో అన్నీ కుదరవు

రూట్ నంబర్లయితే కామాలు చాలు. స్టాప్ అడ్రస్‌లు రాయాలంటే? మన అడ్రస్‌ల్లోనే కామాలుంటాయి. "డోర్ నంబర్ 5-12, రామాలయం వీధి" అని రాస్తే అది ఒక ఇల్లు, కామా దగ్గర కోస్తే రెండు ఇళ్లవుతుంది. ఇలాంటప్పుడు వరుసకొకటి చొప్పున, ప్రతి వరుసనూ కొంచెం లోపలికి జరిపి రాయమంటున్నాం. ఐఎన్ఐ పద్ధతిలో దానికి వీలుంది. వరుస మారినచోట కోస్తే అడ్రస్ చెక్కుచెదరదు.

డోర్ నంబర్ అన్నాం కాబట్టి, ఎక్సెల్ వాడేవాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది. 5-12 అని కొడితే అది తేదీగా మారి కూర్చుంటుంది. మనకే కాదు, శాస్త్రవేత్తలకూ ఈ తలనొప్పి తప్పలేదు. మార్చ్1, సెప్ట్1 అనే పేర్లున్న మనిషి జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మారుస్తూ ఉండడంతో, ఆ పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ చివరికి జన్యువుల పేర్లనే మార్చేసింది. 2020లో ఆ సంగతి వార్తల్లో కూడా వచ్చింది.

సాయం చేస్తున్నాననుకుని ఊహించే పనిముట్లు ఇంకా ఉన్నాయి. చురుకైన పిల్లలు ఐఎన్ఐ వదిలేసి ఇంటర్నెట్‌లో చూసిన యామల్ అనే పద్ధతిలో ఫైల్ రాసుకొస్తున్నారు. చదవడానికి ముచ్చటగా ఉంటుంది, కొటేషన్ గుర్తులు అక్కర్లేదు, వరుస ముందు ఒక చిన్న గీత పెడితే లిస్ట్ అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలా ఎక్కువగా వాడతారు కూడా. కానీ పైథాన్‌లో దాన్ని చదవడానికి ఎక్కువమంది వాడే పనిముట్టు ఇప్పటికీ యామల్ పాత నియమాలనే పాటిస్తుంది. ఆ నియమాల ప్రకారం నో అన్న ఇంగ్లిష్ మాట కనిపిస్తే అది కాదు అనే అర్థంగా మారిపోతుంది. నార్వే దేశానికి రెండక్షరాల కోడ్ ఎన్, ఓ. దేశాల లిస్ట్‌లో ఇండియా ఉంటుంది, అమెరికా ఉంటుంది, నార్వే ఉండాల్సిన చోట కాదు అని ఉంటుంది. దీన్ని ప్రోగ్రామర్లు నార్వే సమస్య అనే పిలుస్తారు. కెనడాలో ఒంటారియోలో మీ బంధువులుంటే వాళ్ల రాష్ట్రం కోడ్ ఓ, ఎన్. అది అవును అయిపోతుంది. 2009లో వచ్చిన కొత్త నియమాల్లో దీన్ని సరిచేశారు, కానీ పాత పనిముట్లు పాతవే.

మన బస్ ప్రాజెక్ట్‌కు దగ్గరైన ఉదాహరణ ఇంకొకటి ఉంది. ఒక అమ్మాయి బస్సు టైమింగ్స్ యామల్‌లో లిస్ట్‌గా రాసుకొచ్చింది. 7:30 అని రాస్తే ప్రోగ్రామ్‌లో 450 వచ్చింది. ఇంట్లో అందరూ తల పట్టుకున్నారట. ఏడును అరవైతో గుణించి ముప్పై కలపండి, 450. మధ్యలో కోలన్ ఉన్న అంకెలను అరవైల లెక్కగా చదవాలని ఆ పాత నియమాల్లో ఉంది. ముందు సున్నా పెట్టి 07:30 అని రాస్తే మాత్రం ముట్టుకోదు. రోల్ నంబర్లు 007, 010 అని రాస్తే మొదటిది 7 అవుతుంది, రెండోది 8 అవుతుంది. ముందు సున్నా ఉంటే ఎనిమిదుల లెక్క అని ఇంకో పాత ఆనవాయితీ. మందు ఒకటే, ఎటూ కాకుండా ఊహించనివ్వకుండా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడం.

జేసన్ అనే పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. అది కాస్త మొండి మనిషి లాంటిది. లిస్ట్‌కు చదరపు బ్రాకెట్లు ఉండాలి, పేర్లకు కొటేషన్లు ఉండాలి, చివర ఒక్క కామా ఎక్కువైనా చదవనంటుంది. పిల్లలు విసుక్కుంటారు. కానీ చదవననేటప్పుడు ఎన్నో వరుసలో ఎన్నో అక్షరం దగ్గర తేడా వచ్చిందో చెప్పి మరీ ఆగుతుంది. నా 41వ సర్టిఫికెట్ జేసన్‌లో అయితే ప్రింటయ్యేదే కాదు. టామల్ అని ఇంకోటి ఉంది, 2013లో మొదలైంది, సెట్టింగ్స్ కోసమే తయారైంది. లిస్ట్‌లకు దానిలో చోటుంది, చివర కామా ఉన్నా ఏమీ అనదు. 2022లో వచ్చిన పైథాన్ 3.11 నుంచి దాన్ని చదివే పనిముట్టు కూడా పైథాన్‌తోనే వస్తోంది. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతికి దాంతోనే మొదలుపెడదామా అని ఆలోచిస్తున్నాం. అయితే ఐఎన్ఐతో మొదలుపెడితేనే ముక్కలు చేయడమంటే ఏమిటో పిల్లలకు చేతికి తెలుస్తుందని నాకు అనిపిస్తుంది. స్టాఫ్ రూమ్‌లో దీని మీద ఇంకా వాదన నడుస్తోంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంటర్నెట్‌లో వెతికితే లిస్ట్ చదవడానికి ఒక అడ్డదారి కనిపిస్తుంది, ఇవాల్ అనే కమాండ్. ఫైల్‌లో లిస్ట్‌లా రాసినదాన్ని ఒక్క దెబ్బతో లిస్ట్‌గా మార్చేస్తుంది. ఎలా మారుస్తుందంటే, ఫైల్‌లో ఉన్నదాన్ని ప్రోగ్రామ్‌గానే నడిపిస్తుంది. అక్కడ లిస్ట్ బదులు ఫైళ్లన్నీ చెరిపేయమని ఎవరైనా రాస్తే దాన్నీ నడిపిస్తుంది. మీ పిల్లల ప్రాజెక్ట్‌లో ఇవాల్ కనిపిస్తే తీసేయమనండి. వైవాలో దానికి మార్కులు పోతాయి.

తెలుగులో రాస్తే

స్టాప్ పేర్లు తెలుగులో రాయొచ్చా అని చాలామంది అడిగారు. తప్పకుండా రాయొచ్చు. రెండు జాగ్రత్తలున్నాయి. ఫైల్ తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని ప్రోగ్రామ్‌లో చెప్పాలి. చెప్పకపోతే విండోస్ కంప్యూటర్లలో పైథాన్ చాలాసార్లు ఇంకో పట్టిక పెట్టుకుని చదువుతుంది, అప్పుడు ఉప్పల్ బదులు టోపీలు పెట్టుకున్న పిచ్చి అక్షరాలు వస్తాయి, లేదా ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. స్కూల్ ల్యాబ్‌లో బాగానే ఉండి ఇంట్లో పాడైందని, ఇంట్లో బాగుండి ల్యాబ్‌లో పాడైందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. కంప్యూటర్ పాడవలేదు, కొత్తది కొనక్కర్లేదు.

రెండోది కంటికి కనిపించదు. కొన్ని తెలుగు కీబోర్డులు ఉప్పల్ లాంటి పొల్లు మాట చివర కనిపించని ఒక గుర్తు చేరుస్తాయి. ఆ గుర్తు ఉన్న ఉప్పల్, లేని ఉప్పల్ స్క్రీన్ మీద ఒకేలా ఉంటాయి. పోల్చితే వేరు అంటుంది. ఇందాక చెప్పిన స్ట్రిప్ కూడా దీన్ని తీయదు, ఎందుకంటే అది స్పేస్ కాదు. పిల్లవాడు గంటసేపు అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా అని ఏడుపు ముఖం పెడితే, ఆ పేరును చెరిపేసి రెండుచోట్లా ఒకే ఫోన్‌లోనో ఒకే కంప్యూటర్‌లోనో మళ్లీ టైప్ చేయమనండి.

మీరు ఇంట్లో ఏం చూడొచ్చు?

ప్రాజెక్ట్ చూపించు అంటే పిల్లలు పనిచేసేదే చూపిస్తారు, అది సహజం. మీరు మౌస్ ముట్టుకోనక్కర్లేదు. సెట్టింగ్స్ ఫైల్ తెరవమని, మీరు చెప్పినట్టు మార్చమనండి. ముందు కామాల తర్వాత స్పేస్‌లన్నీ తీయించండి, తర్వాత రెండేసి స్పేస్‌లు పెట్టించండి. రెండుసార్లూ జవాబు మారకూడదు. చివర ఒక కామా ఎక్కువ పెట్టమనండి. లిస్ట్ మొత్తం చెరిపేసి నడపమనండి. లిస్ట్‌లో ఒకే ఒక్క రూట్ ఉంచి నడపమనండి. ఆ తర్వాత అసలు పరీక్ష, లిస్ట్‌లో 10 ఉంచి రూట్ 1 గురించి అడగమనండి. ఇదంతా పది నిమిషాల పని, కూరలో తాలింపు వేసేలోపు అయిపోతుంది.

తప్పు వస్తే తిట్టకండి. ఇలాంటివి కంపెనీల్లో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ చేస్తారు. వేరుశనగలు పడని పిల్లల అడ్మిషన్ నంబర్లు ఇలాంటి ఫైల్‌లోనే ఉన్నాయనుకోండి. 145 అనే ముక్క ముందు ఒక స్పేస్ అంటుకుని ఉండిపోతే, క్యాంటీన్ స్క్రీన్ మీద ఆ పిల్లకు ఏమీ లేదు, పెట్టండి అని వస్తుంది. మేం ప్రాజెక్ట్‌కు 20 మార్కుల్లో 8 మార్కులు ఈ తేడా పరీక్షలకే పెట్టడానికి కారణం అదే. పీటీఎంలో అడిగిన నాన్నగారికి నేను చెప్పలేకపోయినదీ అదే. అబ్బాయికి పోయినవి సరిగ్గా ఆ 8 మార్కులు. ప్రోగ్రామ్ రాయడానికి ఉన్న 12కు 12 వచ్చాయి.

నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి చేయించిన ప్రాజెక్ట్‌లు, ఏఐ చాట్‌బాట్‌ని అడిగి దించుకున్నవి కూడా వస్తున్నాయి. వాటిలో చాలావరకు చూడ్డానికి చక్కగా ఉంటాయి. చాట్‌బాట్‌ని వాడడం తప్పని మేం అనడం లేదు. అయితే ఈ వరుసలో స్ట్రిప్ తీసేస్తే ఏమవుతుంది అని అడిగితే పిల్లవాడు చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ వరుస అతనిది కాదు. పదకొండో తరగతి సీబీఎస్‌ఈ కంప్యూటర్ సైన్స్‌లో లిస్టులు, పన్నెండులో టెక్స్ట్ ఫైళ్లు, కామాలతో ఉండే సీఎస్‌వీ ఫైళ్లు ఎలాగూ వస్తాయి. అప్పుడు పక్కన చాట్‌బాట్ ఉండదు, ప్రశ్నపత్రం ఉంటుంది.

మార్కులు తగ్గినవాళ్లు ఈ నెలాఖరులోపు ప్రాజెక్ట్ సరిచేసి మళ్లీ ఇవ్వొచ్చు. ప్రోగ్రామ్‌తో పాటు రెండు సెట్టింగ్స్ ఫైళ్ల ప్రింట్ తేవాలి. ఒకటి మామూలుది. రెండోది మీరూ పిల్లలూ కలిసి కావాలని పాడుచేసినది, అంటే ఎక్కువ కామాలు, స్పేస్‌లు, ఖాళీ వరుసలు ఉన్నది. రెండో ఫైల్ ఇచ్చినప్పుడు ప్రోగ్రామ్ ఏం చేసిందో పిల్లలు వాళ్ల సొంత మాటల్లో, తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా, ఐదారు వరుసలు రాయాలి. కంప్యూటర్ లేని ఇళ్ల పిల్లలకు శనివారం మధ్యాహ్నం ల్యాబ్ తెరిచి ఉంచుతున్నాం, ముందు రోజు డైరీలో రాసి పంపితే చాలు.